చెరకు తోటకు ఏ మార్పిడి పంట: తోట్లవల్లూరు మండలంలో రెండు మడుల కేస్ స్టడీ

ఈ రైతుకు రెండు చోట్ల చెరకు తోటలున్నాయి. ఒకటి విజయవాడకు దిగువన తోట్లవల్లూరు మండలంలో, కరకట్టకు ఇవతల కాలువ కింద ఉన్న నాలుగెకరాల నల్లరేగడి. రెండోది కట్టకు అవతల, కృష్ణా నది లంకలో రెండున్నర ఎకరాల ఒండ్రు నేల. దానికి బోరే ఆధారం. రెండు చోట్లా ఏళ్ళ తరబడి చెరకు మీద చెరకే. మొక్క తోట నరికాక అదే దుబ్బులు చిగురించి వచ్చే ఒక కార్శి, ఆపైన రెండో కార్శి, దుబ్బులు పెకలించి దున్నిన నెలలోపే మళ్ళీ ముచ్చెలు, అంటే విత్తనపు గెడ ముక్కలు, నాటడం. ఉయ్యూరు మిల్లు దగ్గరే కాబట్టి గెడ తోలడానికి ఇబ్బంది లేదు. మధ్యలో ఇంకో పంటకు చోటివ్వాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు.

2022 అక్టోబరులో ఆయన నన్ను పిలిపించింది ఎరువు సలహా కోసం. ఒకప్పుడు ఎకరాకు 40 టన్నులు దాటిన తోట రెండో కార్శికి పాతిక టన్నులైనా ఇచ్చేలా లేదు. యూరియా పెంచారు, పొటాష్ వేశారు, తోట తేరుకోలేదు. చెరకు ఆకలి పెద్దదే. వంద టన్నుల పంట నేల నుంచి సుమారు 200 కిలోల నత్రజనిని, అంతకంటే ఎక్కువ పొటాష్‌ను లాగేస్తుంది. కానీ ఎరువు వేసినా పచ్చబడని తోటలో లోపం ఎరువుది కాదు, తీసుకునే వేరుది.

మార్పిడి పంట ప్రశ్న మా దగ్గరికి ఎప్పుడూ ధర రూపంలోనే వస్తుంది. ఈ ఏడు మినుముకు రేటుందా, పసుపుకు ఉందా, మొక్కజొన్నకు ఉందా అని. నేను వేరే రెండు ప్రశ్నలతో మొదలుపెడతాను. ఈ తోట దేనివల్ల పడిపోయింది? ఈ నేల ఏ తేదీన ఖాళీ అవుతుంది, మళ్ళీ ఏ తేదీకి ముచ్చె పడాలి? వీటికి జవాబు దొరికాక మిగిలే పంటలు రెండో మూడో ఉంటాయి. ధర వాటి మధ్య చూసుకోవాలి. ఈ రైతు రెండు మడులకూ చివరికి వేర్వేరు పంటలు కుదరడానికి కారణం అదే.

తవ్వి చూస్తే

రేగడి మడిలో అక్కడక్కడా దుబ్బుల్లో పైనుంచి మూడో, నాలుగో ఆకు పసుపు పచ్చగా మారి అంచుల నుంచి ఎండుతోంది. అలాంటి గెడ ఒకటి నిలువునా చీలిస్తే లోపల ఎర్రగా ఉంది. ఆ ఎరుపుకు అడ్డంగా తెల్లటి మచ్చలు, ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన వాసన. ఎర్రకుళ్ళు తెగులుకు ఇంతకంటే స్పష్టమైన గుర్తు లేదు. రైతు దాన్ని నీటి ఎద్దడి అనుకున్నారు. తెగులు ముఖ్యంగా ముచ్చెల ద్వారా వస్తుంది. సోకిన దుబ్బుల మోళ్ళలో, పొలంలో మిగిలిన చెత్తలో కొంతకాలం బతుకుతుంది. దుబ్బులు పీకిన నెలలోనే మళ్ళీ నాటితే పాత తోట తెగులును కొత్త తోటకు అందించినట్టే.

లంక మడి సంగతి వేరు. గెడలు చీలిస్తే లోపల శుభ్రంగా ఉన్నాయి. దుబ్బును మట్టితో సహా పెకలించి బకెట్ నీళ్ళలో మెల్లగా కడిగితే విషయం బయటపడింది. పొడవాటి తెల్లని వేళ్ళు ఉండాల్సిన చోట పొట్టి, నల్లబడ్డ వేళ్ళు. పీచు వేళ్ళు దాదాపు లేవు. కొన్నింటి మీద చిన్న బుడిపెలు. ఇవి నులిపురుగుల (వేళ్ళను ఆశించే, కంటికి కనిపించని సన్నటి నేల పురుగుల) లక్షణాలు. మట్టిలో ఉండి వేళ్ళు కొరికే వేరు పురుగు కూడా ఉందేమోనని మడిలో పలుచోట్ల అడుగు లోతు తవ్వించాను, ఎక్కడా కనిపించలేదు. ఈ చివరి విషయం తర్వాత ఎంతో పనికొచ్చింది.

రెండో మడిలో కనిపించినది మన దగ్గర కొత్తగా పుట్టినది కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో చెరకు మీద చెరకు వేసిన పొలాల్లో దిగుబడి ఎందుకు ఎదగడం లేదో తేల్చడానికి 1993లో అక్కడి పరిశోధన సంస్థలు కలిసి పెద్ద కార్యక్రమం మొదలుపెట్టాయి. నేలలో చెరకు వేరును తినే జీవులు ఏటికేడు పేరుకుపోవడం పెద్ద కారణమని, మధ్యలో సోయాచిక్కుడు, వేరుశనగ లాంటి పప్పుజాతి పంట వేస్తే తర్వాతి చెరకు గణనీయంగా పెరుగుతుందని వాళ్ళు చూపించారు. ఆ ఫలితం మనకూ వర్తిస్తుంది. వాళ్ళ పంటల క్రమాన్ని మాత్రం తెచ్చి ఇక్కడ పెట్టలేం. వాళ్ళ వానలు, కోత నెలలు వేరు. మనకు కాలువ తేదీలున్నాయి, డిసెంబరు తుపాన్లున్నాయి.

చర్చకు వచ్చిన పంటలు

రైతు పెద్దవారు. నేను ఆయన్ని బాబాయి గారూ అనే పిలుస్తాను. వాళ్ళబ్బాయి గుంటూరులో చదువుకుని వచ్చి వ్యవసాయం చూసుకుంటున్నాడు. లంకలో పసుపు వేద్దామని అతని పట్టుదల: దుగ్గిరాల యార్డు దగ్గర, కొల్లిపర వైపు బంధువులంతా పసుపు రైతులు. రేగడి మడిలో వరి వేసి, ఆ వెంటనే దున్నకుండా మొక్కజొన్న వేద్దామన్నాడు. ఎకరాకు 35 నుంచి 40 క్వింటాళ్ళు పండే పంటను ఎవరు కాదంటారు? మిరప మాట కూడా వచ్చింది గానీ నల్లరేగడి మాగాణిలో మురుగు దిగదని, పెట్టుబడి భారమని బాబాయి గారే పక్కన పెట్టేశారు.

మొక్కజొన్నను నేను వద్దన్నాను. చెరకును ఆశించే కొన్ని కాండం తొలుచు పురుగులకు అది కూడా ఆహారమే. చెరకు వేళ్ళను పాడుచేసే ముఖ్యమైన నులిపురుగులు గడ్డిజాతి వేళ్ళ మీదే బాగా పెరుగుతాయి. పైగా నత్రజనికి అది కూడా పెద్ద తిండిపోతే. డబ్బు పరంగా అది మంచి పంట కావచ్చు, చెరకుకు విరామం మాత్రం ఇవ్వదు. ఇంకో చిక్కుంది. మొక్కజొన్నలో కలుపుకు కొట్టే అట్రజిన్ నేలలో నిలుస్తుంది. ఆ వెంటనే మినుము, పెసర వేస్తే మొలకలు మాడిపోయే ప్రమాదం ఉంది. చెరకు మొక్క తోటలో కొట్టే మందూ ఇదే కాబట్టి ఈ జాగ్రత్త చెరకు రైతులందరికీ అవసరం.

అప్పుడా అబ్బాయి అడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. "వరి కూడా గడ్డిజాతే కదండీ, దానికి ఎందుకు ఒప్పుకుంటున్నారు?"

మేలు చేసేది వరి మొక్క కాదు, వరి కోసం నిలబెట్టే నీరు. దమ్ము చేసి మూడు నెలలు నీరు కట్టి ఉంచితే నేలలో గాలి ఆడదు. వేరు పురుగులు చస్తాయి, చాలా నులిపురుగులు తగ్గుతాయి, మెట్ట కలుపు నశిస్తుంది, ఎర్రకుళ్ళు శిలీంధ్రం బతికే చెత్త కుళ్ళిపోతుంది. ఎర్రకుళ్ళు సోకిన పొలంలో వరితో పంట మార్పిడి చేయమని మన శాస్త్రవేత్తలు ఎప్పటినుంచో చెబుతున్నది ఇందుకే. నీరు నిలవని నేలలో వరి వేస్తే ఈ లాభమేదీ ఉండదు. లంక మడికి వరి ఊసే ఎత్తకపోవడానికి కారణం అదే.

పసుపు విషయంలో అతన్ని ఒప్పించడం కష్టమైంది. పసుపు తొమ్మిది నెలల పంట. జూన్‌లో విత్తితే ఆగస్టు, సెప్టెంబరు వరదల్లో లంకలోనే ఉంటుంది. నీరు నిలిస్తే దుంపకుళ్ళు తప్పదు. బుడిపెలు కట్టించే నులిపురుగులు పసుపు వేళ్ళలోనూ, అరటి వేళ్ళలోనూ హాయిగా పెరుగుతాయి కాబట్టి చెరకు తర్వాత ఆ రెండూ ఆ మడికి విరామం కావు.

రేగడి మడి: జీలుగ, వరి, మినుము

2023 ఫిబ్రవరిలో కార్శి నరికాక అన్నింటికంటే ముఖ్యమైన పని మొదలైంది: మోళ్ళు తీయడం. రోటవేటర్ ఒక్కసారి తిప్పి వదిలేస్తే దుబ్బులు ముక్కలై మళ్ళీ మొలుస్తాయి. వరి చేలో మధ్య మధ్య పచ్చగా నిలిచే ఆ చెరకు పిలకలు తెగులుకు వంతెనలు. అవి ఉన్నంతకాలం పంట మార్చినా విరామం దొరకదు. నాగలితో లోతుగా దున్ని, కూలీల చేత మోళ్ళు ఏరించి, తెగులు ఉన్నవాటిని కాల్పించి, నేలను ఏప్రిల్, మే ఎండలకు వదిలాం. చెత్త మొత్తం కాల్చవద్దని గట్టిగా చెప్పాను. తెగులు లేని భాగంలోని ఆకు నేలలోనే కలిసింది.

మే చివరి జల్లులకు పచ్చిరొట్ట ఎరువు కోసం ఎకరాకు పది, పన్నెండు కిలోల చొప్పున జీలుగ చల్లారు. జనుము బదులు జీలుగ ఎందుకంటే ఆ పల్లపు రేగడిలో జూన్ వానలకు నీరు నిలుస్తుంది. జీలుగ ఓర్చుకుంటుంది, జనుము ఓర్చుకోదు. పూత మొదలయ్యే దశలో, 45, 50 రోజుల మధ్య కలియదున్ని, దమ్ము చేసి నాటారు.

వరి రకం దగ్గర మళ్ళీ చర్చ. ఇంటి బియ్యానికీ, ధరకూ బీపీటీ 5204 కావాలన్నారు. అది 145, 150 రోజుల రకం. దాని కోత నవంబరు చివరికి గానీ కాదు. ఆ తర్వాత మినుము, మినుము కోశాక చెరకు అంటే ముచ్చె నాటేసరికి ఏప్రిల్ వస్తుంది. ఆలస్యంగా నాటిన చెరకు ఎండల్లో పిలక తొడగదు, లేత పిలకలను తొలిచే పీక పురుగు ఎక్కువ. అందుకని మూడెకరాల్లో 125 రోజుల ఎంటీయూ 1121, ఒక ఎకరంలో బీపీటీ. నాలుగెకరాల్లోనూ స్వల్పకాలిక రకమే వేయాలని నేను అడిగాను. ఇంటి గింజల మాట వచ్చాక పట్టుబట్టలేదు.

యంత్రంతో కోయించాలంటే వరి కోతకు ముందు మినుము వెదజల్లడం కుదరదు, చక్రాల కింద మొలక నలిగిపోతుంది. కోత అయిన వెంటనే పదునుండగా నవంబరు మధ్యలో గొర్రుతో ఎల్‌బీజీ 787 వేశారు. లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన ఈ రకం పల్లాకు తెగులును తట్టుకుంటుంది. విత్తనానికి రైజోబియం (గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బ్యాక్టీరియా) పట్టించారు, ఎందుకంటే ఆ మడి అపరాలను చూసి చాలా ఏళ్ళయింది.

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. బీపీటీ ఎకరం కోతకు సిద్ధంగా ఉండి నేలకొరిగింది. మినుము మొక్కకు అప్పటికి మూడు వారాలు. మినుము నీటికి అస్సలు ఓర్చుకోదు. వాన ఆగీ ఆగకముందే తండ్రీకొడుకులిద్దరూ పారలు పట్టుకుని గట్లు తెగ్గొట్టి మురుగు కాలువలోకి నీరు వదిలారు. మెరకన ఉన్న రెండెకరాలు బతికాయి. పల్లంలో చచ్చిన ఎకరంలోనూ, బీపీటీ కోశాక ఆ ఎకరంలోనూ డిసెంబరు మూడో వారంలో మళ్ళీ విత్తారు. మొత్తం మీద సగటున ఎకరాకు నాలుగు క్వింటాళ్ళలోపే వచ్చింది. మామూలు ఏడాదిలో ఆ నేల ఐదారు ఇవ్వాలి. ఆ సీజనుకు మినుము మద్దతు ధర క్వింటాలుకు 6,950 రూపాయలు. బయట అంతకంటే మెరుగ్గానే పలికింది.

మళ్ళీ విత్తిన మినుము మార్చి దాకా పొలంలో ఉంటుంది. అలా పోయే రోజులను నారు పద్ధతితో చాలావరకు వెనక్కు తెచ్చుకున్నాం. ఫిబ్రవరిలోనే ఒంటికన్ను ముచ్చెలను ట్రేలలో పెంచి, మినుము తీశాక నెల వయసు మొక్కలను మార్చి మధ్యలో పొలంలో నాటారు. విత్తనపు తోట వేరే ఊరిది, తెగులు లేనిది, ఎర్రకుళ్ళును తట్టుకునే రకం. పాత తోటలోంచి ఒక్క ముచ్చె కూడా తీసుకోకూడదన్నది మా మొదటి షరతు. నాటే ముందు మరో పని తప్పలేదు. దమ్ము చేసిన రేగడిలో అడుగున గట్టి పొర కడుతుంది, చెరకు వేరు దాన్ని దాటదు. అందుకే లోతుదుక్కి చేసి, బోదెలు ఎత్తుగా తోలించాం. వరి తర్వాత చెరకు వేసే ప్రతి రైతుకూ ఈ ఖర్చు ఉంటుంది. ముందే లెక్కలో వేసుకోవాలి.

లంక మడి: వేరుశనగ, జనుము

లంకలో చివరి కార్శిని 2024 జనవరిలో నరికారు. వెంటనే వేరుశనగ. గడ్డిజాతి వేళ్ళకు అలవాటుపడ్డ నులిపురుగులకు అది నచ్చని తిండి. ఒండ్రు నేలలో కాయ కట్టే ఊడలు సులువుగా దిగుతాయి. పీకడానికీ కష్టం లేదు. వేరు పురుగు ఉండి ఉంటే వేరుశనగ వేయనిచ్చేవాడిని కాదు, అది వేరుశనగకూ శత్రువే. అంతకుముందు అడుగు లోతు తవ్వి చూసిన శ్రమ ఇక్కడ ఫలించింది. మే మొదట్లో కాయ పీకారు.

జూన్‌లో జనుము. ఇక్కడ జీలుగ కాదు. నీరు నిలవని నేల కాబట్టి జనుము బాగా వస్తుంది, బుడిపెలు కట్టించే నులిపురుగులను అణచడంలో జనుముకు మంచి పేరుంది. పూత దశలో కలియదున్నారు. ఆగస్టు, సెప్టెంబరుల్లో ఆ మడిలో పంటేమీ ఉండకూడదని ముందే అనుకున్నాం. ఖాళీగా ఉంచడమేమిటని చుట్టుపక్కల వాళ్ళు అడిగారు, అబ్బాయికీ లోలోపల అసంతృప్తిగానే ఉంది.

సెప్టెంబరు మొదటి రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. విజయవాడలో బుడమేరు ముంపు గురించి దేశమంతా చూసింది. దిగువ లంకల్లో అరటి, పసుపు, కంద రైతులు పోగొట్టుకున్నది అంతగా ఎవరి కంటా పడలేదు. ఆ రోజుల్లో కట్ట మీద నిలబడి పసుపు మడుల వైపు చూస్తున్న రైతుల మొహాలు నన్ను ఇప్పటికీ వదలవు. మా మడిలో నీరు వచ్చింది, ఒండ్రు వేసి పోయింది. పోవడానికి అక్కడ పంట లేదు. లంక నేలలో మార్పిడి పంటను ఎంచుకునేటప్పుడు ధరకంటే ముందు వరద నెలలు చూడాలని నేను పట్టుబట్టేది ఇలాంటి ఏడాది కోసమే. వరదకు కొంత తట్టుకోగల పంట చెరకే. గెడ కట్టాక కొద్దిరోజుల నీటిని ఓర్చుకుంటుంది. దాని స్థానంలో వచ్చే పంటకు ఆ ఓర్పు లేనప్పుడు అది వరదకు ముందే ఇల్లు చేరాలి, లేదా వరద పోయాకే విత్తాలి.

నీరు తీసి నేల ఆరాక అక్టోబరులో మినుము వేయాలా వద్దా అన్న దగ్గర ఆగాం. మినుము వేరులోనూ బుడిపెలు కట్టించే నులిపురుగు పెరుగుతుంది. వేళ్ళను మళ్ళీ కడిగి చూద్దామంటే పొలంలో పంట లేదు. నాలుగు చోట్ల మట్టి తెచ్చి కుండీల్లో, ఈ నులిపురుగు సులువుగా పట్టే టమాటా నారు పెంచి, వేళ్ళు కడిగి చూశాం. బుడిపెలు చాలా తక్కువ. రైతు ఇంట్లోనే చేసుకోగలిగిన ఈ పరీక్షను నేను అందరికీ చెబుతాను. ఆ ధైర్యంతో మినుము వేసి, 2025 ఫిబ్రవరిలో చెరకు నాటారు.

లెక్క

రేగడి మడిలో మొక్క తోటను 2025 ఫిబ్రవరిలో నరికారు. ఎకరాకు 38 టన్నుల దాకా తూగింది. దీన్ని పాత రెండో కార్శితో పోల్చడం న్యాయం కాదు, మొక్క తోట ఎప్పుడూ కార్శికంటే ఎక్కువే ఇస్తుంది. పోల్చవలసింది గట్టుకు అవతలి రైతు మడితో. ఆయన అదే విత్తనపు తోట నుంచి నారు తెచ్చి అదే నెలలో నాటారు. పాత కార్శి తీసిన వెంటనే, విరామం లేకుండా. ఆయనకు 30 టన్నులు వచ్చాయి, అక్కడక్కడా ఎర్రకుళ్ళు దుబ్బులు మళ్ళీ కనిపించాయి. ఆ సీజనుకు చెరకు ధర 10.25 శాతం రికవరీ (గెడ నుంచి వచ్చే పంచదార శాతం) మీద టన్నుకు 3,400 రూపాయలు. ఎనిమిది టన్నుల తేడా అంటే ఎకరాకు 27,000 రూపాయలకు పైమాట. అందులోంచి నరుకుడు కూలి, తోలకం పోతాయి. రెండు మడుల నేల అచ్చంగా ఒకటే అని చెప్పలేను కాబట్టి ఆ తేడా మొత్తాన్ని మార్పిడి పంట ఖాతాలో వేయను. ఎర్రకుళ్ళు విషయంలో మాత్రం నాకు సందేహం లేదు. మా మడిలో అది కనిపించింది ఒకే ఒక్క మూల, కాలువ గట్టు వెంట మోళ్ళు సరిగా ఏరని చోట.

ఏడాది చెరకు ఆదాయం పోయిందన్న బాధ ఇంట్లో ఉన్నమాట నిజం. వరి ఎకరాకు ముప్పై బస్తాలకు కాస్త అటూ ఇటూగా వచ్చింది, మినుము తుపాను దెబ్బ తింది. ఆ రెండూ కలిపినా మంచి చెరకు తోట ఇచ్చేంత రాలేదు. పాతిక టన్నులు కూడా ఇవ్వని కార్శిని ఇంకో ఏడు లాగి ఉంటే వచ్చేదానికంటే మాత్రం తక్కువ కాదు. పోల్చవలసింది ఆ కార్శితోనే అని బాబాయి గారికి కాగితం మీద లెక్క వేసి చూపించాక ఆయన మనసు కుదుటపడింది.

గట్టుకు అవతలి రైతు విరామం ఎందుకు ఇవ్వలేదో కూడా చెప్పాలి. ఆయనది కౌలు భూమి. ఏటేటా కౌలు కట్టే మనిషి, వచ్చే ఏడాది ఆ నేల తన చేతిలో ఉంటుందో లేదో తెలియని మనిషి, నేల బాగు కోసం ఏడాది ఎలా వదులుకుంటాడు? ఆయనకు తెలివి లేక కాదు. మూడు, నాలుగేళ్ళకు రాతపూర్వకంగా కౌలు ఒప్పందం ఉంటే ఆయన కూడా జీలుగ చల్లేవాడే. మార్పిడి పంటల మీద మనం పెట్టే సమావేశాల్లో భూయజమానులను కూడా కూర్చోబెట్టాలని నేను అడుగుతున్నది ఇందుకే.

లంక మడి చెరకు ఇప్పుడు గెడ కడుతోంది. దుబ్బు పెకలించి కడిగితే వేళ్ళు తెల్లగా, పీచుతో ఉన్నాయి. దిగుబడి నరికాకే తేలుతుంది. రేగడి మడిలో మొదటి కార్శి నడుస్తోంది. ఈసారి రెండో కార్శి ఉంచకుండా, ఇది తీశాక మళ్ళీ జీలుగ, వరి వైపు వెళ్ళాలని తండ్రీకొడుకులు నిర్ణయించుకున్నారు. ఈసారి నాలుగెకరాల్లోనూ స్వల్పకాలిక వరే వేస్తామని, ఇంటి బియ్యం కొనుక్కుంటామని బాబాయి గారు చెప్పారు. కాలువ గట్టు మూలలో మోళ్ళు ఏరే పని ఆ అబ్బాయి తన మీద వేసుకున్నాడు.